ఖాళీ గోడ చూడ్డానికి క్యూ!

1911 ఆగస్టు 21న పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం నుంచి మోనాలిసా మాయమైంది. మర్నాటిదాకా ఆ సంగతి ఎవరూ గమనించనే లేదు, మీకు తెలుసా? అక్కడ కూర్చుని బొమ్మ గీసుకుందామని వచ్చిన ఓ చిత్రకారుడు గోడ బోసిగా ఉందేమిటని అడిగితే, ఫొటో తీయడానికి పట్టుకెళ్లి ఉంటార్లే అన్నాడట కాపలావాడు!

అనుమానంతో కవి అపోలినేర్‌ని జైల్లో పెట్టారు. పికాసోని పిలిచి ప్రశ్నించారు. తీరా చూస్తే దొంగ ఆ మ్యూజియంలోనే అద్దాల పని చేసిన ఇటలీవాడు, విన్చెంజో పెరూజియా. రెండేళ్లకు పైగా బొమ్మను తన దగ్గరే దాచాడు. ఈలోగా జనం వరసకట్టి మరీ గోడకు మిగిలిన నాలుగు కొక్కేలు చూసి వెళ్లారు. వాళ్లలో రచయిత కాఫ్కా కూడా ఉన్నాడు!

బొమ్మ ఉన్నా చూడనివాళ్ల సంగతి మీకు తెలుసా? 1961లో న్యూయార్క్ మ్యూజియంలో ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ ‘పడవ’ బొమ్మను తలకిందులుగా తగిలించారు. అలా ఎన్నాళ్లుందనుకున్నారు? అక్షరాలా 47 రోజులు! పడవేదో, నీళ్లలో దాని నీడేదో మతీస్ సొంత కొడుక్కే తేడా తెలియలేదు.

ట్రాయ్ కొయ్యగుర్రం కథ హోమర్ ‘ఇలియడ్’లో లేనే లేదు, మీకు తెలుసా? 15,000కు పైగా పంక్తులు గాలించండి. రథాల గుర్రాలు బోలెడు, కొయ్యగుర్రం సున్నా! ట్రాయ్ వీరుడు హెక్టర్ అంత్యక్రియలతో కావ్యం సరి. గుర్రమే కావాలంటే ‘ఒడిస్సీ’ తిరగేయండి.

గ్రీకు నాటకకర్త ఎస్కిలస్ ఎలా పోయాడట? ఆకాశంలోంచి తాబేలు పడి! డిప్ప పగలగొట్టడానికి బండరాయి కోసం చూస్తున్న గద్దకు ఆయన బట్టతల కనబడిందట. కట్టుకథే అనుకోండి. అయినా విషాదాంత నాటకాలకు ఆద్యుడైన మనిషికి అంటగట్టడానికి ఇంతకన్నా గంభీరమైన చావే దొరకలేదా?

ఇటలీ కవి దాంతే ఎముకలు దొంగిలించింది ఎవరో మీకు తెలుసా? సన్యాసులు! 1302లో సొంతూరు ఫ్లోరెన్స్ ఆయన్ని వెళ్లగొట్టింది, మళ్లీ అడుగుపెడితే కాల్చేస్తామంది. 1321లో ఆయన రవెన్నాలో కన్నుమూశాడు. కీర్తి పెరిగాక ఫ్లోరెన్స్‌కి ప్రేమ పుట్టుకొచ్చింది. 1519లో పోప్ అనుమతితో మనుషులు వెళ్లి సమాధి తెరిస్తే లోపల ఖాళీ! రవెన్నా సన్యాసులు వెనక గోడకు కన్నమేసి ఎముకలు ఎప్పుడో జరిపేశారు. ఎముకలున్న పెట్టె 1865లో మరమ్మతు పనుల్లో బయటపడింది. ఫ్లోరెన్స్ కట్టించిన గోరీ ఇప్పటికీ ఖాళీయే. శిక్ష రద్దు చేశారా అంటారా? చేశారు, 2008లో! పాపం, ఆయనకు కబురు అందిందో లేదో.

మైకెలాంజిలోతో పెట్టుకుంటే ఏమవుతుందో మీకు తెలుసా? సిస్టీన్ చాపెల్ ‘తుది తీర్పు’ చిత్రంలో అందరూ దిసమొలతో ఉన్నారని పోప్ దగ్గరి అధికారి బియాజో ముక్కు విరిచాడు. అంతే, నరకంలో న్యాయాధికారి మీనోస్‌కి బియాజో ముఖం తగిలించాడు మైకెలాంజిలో. పైగా గాడిద చెవులు, ఒంటికి చుట్టుకున్న పాము! బియాజో మొరపెట్టుకుంటే, నరకం నా పరిధిలోకి రాదయ్యా అని పోప్ చేతులెత్తేశాడని చెప్పుకుంటారు.

బొమ్మల్లో శవం రంగు కలిపేవారని మీకు తెలుసా? ఈజిప్టు మమ్మీలను పొడి చేసి తయారుచేసిన ‘మమ్మీ బ్రౌన్’ అది. ఆ పేరు ఉత్త పేరేననుకున్నాడు లండన్ చిత్రకారుడు బర్న్-జోన్స్. రంగు కొట్టువాళ్ల దగ్గర నూరడానికి సిద్ధంగా ఉన్న మమ్మీని చూడ్డానికి తనను రమ్మన్నారని మిత్రుడు భోజనాల దగ్గర చెప్పేసరికి గుండె గుభేలుమంది. పరుగున వెళ్లి రంగు ట్యూబు తెచ్చి, తోటలో గొయ్యి తీసి పాతిపెట్టించాడు. దాని మీద డైసీ మొక్క కూడా నాటారు. మన బొంబాయిలో పుట్టిన రచయిత కిప్లింగ్ ఆయన భార్య అక్క కొడుకే, ఆ అంత్యక్రియలకు హాజరు కూడా! ట్యూబుకి కర్మకాండ చేసిన వంశం ఇంకోటి ఉంటే చెప్పండి.

కేంబ్రిడ్జి కాలేజీలో కుక్కలు కూడదంటే కవి బైరన్ ఏం పెంచాడో మీకు తెలుసా? ఎలుగుబంటిని! రూలులో ఎలుగు పేరు లేదుగా. ఈ పెద్దమనిషే 1810లో, పురాణంలో లియాండర్ ప్రియురాలి కోసం రోజూ రాత్రి ఈదిన జలసంధిని గంటా పది నిమిషాల్లో ఈదేశాడు. అవతలి ఒడ్డున ప్రియురాలు లేదు, దక్కింది చలిజ్వరమని ఆయనే పద్యం కట్టాడు.

ఒలింపిక్స్‌లో కవిత్వానికీ పతకాలుండేవి, మీకు తెలుసా? 1912 నుంచి 1948 దాకా సాహిత్యం, చిత్రలేఖనం, శిల్పం, సంగీతం, వాస్తుకళ అన్నీ పోటీలే. మొదటి సాహిత్య స్వర్ణం మారుపేరుతో రాసినవాడికి వెళ్లింది. ముసుగు తీస్తే ఆధునిక ఒలింపిక్స్ వ్యవస్థాపకుడు కూబెర్తాన్!

ఆఖరిది. ప్రపంచంలో చదివి ముగించలేని పలచని పుస్తకం ఏది? 1961లో ఫ్రెంచి కవి రేమోఁ కెనో వేశాడు. 14 పంక్తుల పద్యాలు పదే పది. కానీ ప్రతి పంక్తినీ విడివిడి చీలికగా కత్తిరించారు. ఏ చీలికను దేనితో కలిపినా పద్యం కుదురుతుంది. లెక్క కట్టండి: కోటి కోట్ల పద్యాలు! తిండీ నిద్రా మాని చదివినా దాదాపు 19 కోట్ల ఏళ్లు పడుతుంది. లైబ్రరీ నుంచి తెచ్చుకుంటే జరిమానా మీరే చూసుకోండి.