పదినెలల పంతులమ్మ

మే నెలాఖరు వచ్చేసరికి సత్తెనపల్లిలో కరెంటు స్తంభాల మీద, బస్టాండు గోడల మీద, దినపత్రికల మడతల్లో కరపత్రాలు ప్రత్యక్షమవుతాయి. ‘నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ తరగతులకు ఉపాధ్యాయినులు కావలెను.’ బడులు పాతవే, పిల్లల సంఖ్యలో పెద్ద మార్పూ ఉండదు. అయినా ఏటా అవే బడులకు కొత్త పంతులమ్మలు ఎందుకు కావలసివస్తున్నారు? నిరుటివాళ్లు ఏమయ్యారు? విద్యాశాఖ ఈ ప్రశ్న అడగదు. తల్లిదండ్రులకు అడగాలన్న ఆలోచన రాదు. కులం గురించి మాట్లాడేవారు సైతం దీనిని ప్రైవేటు ఉపాధ్యాయుల జీతాల గొడవగా పక్కన పెడుతూ వచ్చారు. నా దృష్టిలో ఇది ముందు కుల సమస్య, తరువాతే జీతాల సమస్య.

పత్తి, మిరప డబ్బు చేతులు మారే పట్టణం ఇది. రాజుపాలెం, ముప్పాళ్ల, క్రోసూరు, నకరికల్లు వైపు పల్లెల నుంచి పొద్దున్నే పసుపుపచ్చ బస్సులు పిల్లలను మోసుకొస్తాయి. కోస్తాలో సేద్యపు మిగులు సినిమాలకు, కాంట్రాక్టులకు, చదువుల వ్యాపారానికి మళ్లిన చరిత్ర పాఠకులకు తెలిసిందే. బడి యాజమాన్యం ఎవరిదో, ఫీజులు కట్టగలిగినవారు ఎవరో ఆ చరిత్రే చాలావరకు నిర్ణయించింది. మరి శిశుతరగతి గదిలో బల్ల ముందు నిలబడేది ఎవరు? ఎస్సీ కాలనీల నుంచి, బీసీ పేటల నుంచి, ముస్లిం వీధుల నుంచి వచ్చిన యువతులు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివినవారు. డీఈడీయో బీఈడీయో ముగించి, టెట్ గట్టెక్కి, డీఎస్సీ కోసం ఏళ్ల తరబడి కాచుకున్నవారు. నేను పనిచేసిన బడిలోనూ, మిత్రురాళ్లు పనిచేసిన బడుల్లోనూ కనిపించిన అమరిక ఒక్కటే. పదో తరగతి లెక్కల మాస్టారి నుంచి కిందికి దిగేకొద్దీ జీతం తగ్గుతుంది, స్త్రీలు పెరుగుతారు, కులం మెట్టు దిగుతుంది. అట్టడుగున ఎల్‌కేజీ టీచరు, ఆమె పక్కన ఆయా.

శిశుతరగతి పని తేలికని అనుకునేవారు జూన్ మాసంలో ఒక్క పూట ఆ గదిలో కూర్చోవాలి. తల్లి కొంగు విడవని ముప్పైమంది పిల్లలు ఒకేసారి ఏడుస్తుంటారు. ఒకడు గేటు వైపు పరుగెడతాడు, ఒకతె వాంతి చేసుకుంటుంది, మరొకడు నిక్కరు తడుపుకొని మూలన బిగుసుకుపోతాడు. ఏ ఏడుపు ఆకలిదో, ఏది జ్వరానిదో, ఏది ఇంట్లో దెబ్బలు తిన్న భయానిదో పంతులమ్మ పోల్చుకోవాలి. ఆగస్టుకు అందరూ వరుసలో కూర్చుంటారు, దసరాకు పాటలు పాడతారు, సంక్రాంతికి అక్షరాలు గీతల మధ్య నిలుస్తాయి. మన ఇళ్లలో అక్షరాభ్యాసం పెద్ద వేడుక. పురోహితుడు పళ్లెంలో బియ్యం పోసి బిడ్డ చేయి పట్టించి ఒక్కరోజు దిద్దిస్తాడు, సంభావన పుచ్చుకొని వెళతాడు. మిగిలిన పది నెలలు ఆ వేళ్లను పట్టుకొని ‘అ’ను గుండ్రంగా తిప్పించేది ఈమె చేయి. ఆ చేయి ఎవరిదన్న సంగతే కొందరు తల్లిదండ్రులకు అక్షరం కంటే ముఖ్యమైపోతుంది.

అడిగే తీరు మర్యాదగానే ఉంటుంది. ‘మీదే ఊరమ్మా?’ ఊరు చెబితే ‘ఊళ్లో ఎక్కడ?’ చర్చి వెనకాల అంటే ఇక రెండో ప్రశ్న ఉండదు. నా సర్టిఫికెట్లలో ఉన్నది బైబిలు పేరు కాబట్టి ఆ మొదటి ప్రశ్న కూడా చాలామందికి అవసరం పడలేదు. తొలివారం ‘మేడమ్‌గారూ’ అన్న నోళ్లే మూడోవారానికి ‘అమ్మాయ్’ అనడం మొదలుపెట్టాయి. మధ్యాహ్నం డబ్బా తినిపించేటప్పుడు మా వాడికి స్పూనుతోనే పెట్టండి, చేత్తో కలపవద్దు అని ఒక తల్లి డైరీలో రాసి పంపింది. పరిశుభ్రత కోసమే కావచ్చు. అయితే పక్క సెక్షన్ టీచరుకు అటువంటి చీటీ ఒక్కటీ రాలేదు. దీపావళి తరువాత ఇద్దరు పిల్లలు ఆ సెక్షన్‌కు మారారు. కారణం అడిగితే ‘పేరెంట్స్ కోరారు’ అన్నారు. ఏప్రిల్ 23 ఆ విద్యాసంవత్సరపు ఆఖరి పనిదినం. ఆ సాయంత్రం ‘జూన్‌లో కబురు చేస్తాం’ అన్నారు. కబురు రాలేదు. నా గదికి కొత్త పంతులమ్మ వచ్చింది.

కులం కారణంగానే నన్ను తీసివేశారని నేను నిరూపించలేను. నన్ను అసలు తీసివేయలేదు కదా! పది నెలల కాలం పూర్తయింది, అంతే. నియామక పత్రం లేదు కనుక తొలగింపు పత్రమూ లేదు. దూషణ మాట ఎవరూ పలకలేదు, బహిష్కరణ ఎవరూ ప్రకటించలేదు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం అంతా చదివినా ఈ మౌనాన్ని ఏ సెక్షన్ కింద పెట్టాలో తెలియదు. వెనకటికి కులం ‘నువ్వు రావద్దు’ అని గడప దగ్గర అరిచి చెప్పేది. ఇప్పుడు లోపలికి రానిచ్చి, పని చేయించుకొని, మరుసటి ఏడు పిలవడం మానేస్తుంది. తాత్కాలిక ఉద్యోగం అనే ఏర్పాటు ఇందుకు ఎంత అనువుగా ఉందంటే, యజమాని మనసులో కులద్వేషం రవ్వంత లేకపోయినా ఇద్దరు ముగ్గురు ఖాతాదారుల కులద్వేషాన్ని ఖర్చు లేకుండా తీర్చగలుగుతాడు.

ఆశ్చర్యమేమంటే, అదే యాజమాన్యానికి మా కులం అక్కరకు వచ్చే కాలం కూడా ఒకటుంది. వేసవిలో కొత్త ప్రవేశాల కోసం టీచర్లను ఇంటింటికీ పంపుతారు. ఎవరెవరు ఎక్కడికి వెళ్లాలో జాబితా రాసి ఇస్తారు. మాలపల్లెకు మాల టీచరు, మాదిగపల్లెకు మాదిగ టీచరు, మసీదు వీధికి ముస్లిం టీచరు. ‘మీవాళ్లయితే మీ మాట వింటారు’ అన్నది సిద్ధాంతం. గదిలో అడ్డంకైన కులం గడపగడపకు తిరిగేటప్పుడు అర్హత అవుతుంది. ఆ ఎండల్లో తిరిగిన రోజులకు జీతం లేదు. ఇన్ని ప్రవేశాలు తెస్తే జూన్‌లో చోటు ఉంటుందన్న ఆశ మాత్రం ఉంటుంది.

జీతం మాట వచ్చింది కనుక చెబుతాను. నాకు నెలకు ఏడు వేలు. ఇరవయ్యారు పనిదినాలకు పంచితే రోజుకు 270 రూపాయలు కూడా పడదు. మిరప కోతల ఉధృతిలో కర్నూలు వైపు నుంచి వచ్చిన కూలీలకు దక్కేది అంతకంటే ఎక్కువే. మా పిన్ని నవ్వుతూ ‘చీర నలక్కుండా కూలి చేస్తున్నావే’ అనేది. ఏప్రిల్, మే నెలల్లో జీతాలు ఆగగానే నాతో చదివిన ఇద్దరు కల్లాల్లో తాలుకాయలు ఏరడానికి, తొడిమలు తీయడానికి వెళ్లారు. ఆ పనిలో అవమానం ఏమీ లేదు, మా తల్లులు మమ్మల్ని చదివించింది ఆ డబ్బుతోనే. కానీ బీఈడీ చదువు ఆ కల్లం నుంచి ఏడాదికి పది నెలల సెలవు మాత్రమే ఇప్పించింది.

ఇక చట్టం దగ్గరికి వస్తే వింత ఇంకా పెద్దది. బస్సు నడిపే డ్రైవరు, గదులు ఊడ్చే ఆయా 2025 దాకా అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం కార్మికులు. పాఠం చెప్పే మనిషి కాదు. సుందరాంబాళ్ కేసులో 1988లో సుప్రీంకోర్టు ఆ తీర్పు ఇచ్చింది. బోధన ఉదాత్తమైన వృత్తి, దాన్ని కాయకష్టంతోనో గుమాస్తా పనితోనో కలపరాదన్నది అందులోని తర్కం. 1996లో హర్యానా గుర్తింపులేని పాఠశాలల సంఘం కేసులో కనీస వేతనాల చట్టం కూడా టీచర్లకు చెల్లదన్నారు. 2004లో అహ్మదాబాద్ ప్రైవేటు ప్రాథమిక ఉపాధ్యాయుల కేసులో గ్రాట్యుటీ చట్టం నుంచీ వారిని బయట ఉంచారు. చేతి పని వేరు, బుద్ధి పని వేరు అన్న విభజన మన దేశంలో ఎక్కడ పుట్టిందో వేరే చెప్పనక్కరలేదు. తరతరాలు చేతి పనిలో మగ్గిన ఇంటి ఆడపిల్ల కష్టపడి బుద్ధి పనికి ఎక్కిరాగా, చేతి పనికి దొరికిన పాటి రక్షణ ఆ మెట్టు దగ్గరే జారిపోయింది. న్యాయమూర్తులు ఆ ఉద్దేశంతో రాశారని అనను. ఆ తర్కం భారం ఎవరి నెత్తిన పడిందో చూడమంటున్నాను.

పార్లమెంటు 2009లో గ్రాట్యుటీ చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచే టీచర్లకు హక్కు ఇచ్చింది. స్వతంత్ర పాఠశాలల సమాఖ్య దాన్ని సవాలు చేసి 2022 ఆగస్టులో సుప్రీంకోర్టులో ఓడిపోయింది. గెలిచాం అనుకున్నాం. అయితే ఆ హక్కుకు అయిదేళ్ల నిరంతర సేవ కావాలి, పదినెలల పంతులమ్మకు అయిదేళ్లు ఎన్నడూ నిండవు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి నిర్ణీతకాల ఉద్యోగులకు అయిదేళ్ల షరతు తొలగించింది. మంచిదే. కానీ ఆ స్మృతి దృష్టిలో నిర్ణీతకాల ఉద్యోగం అంటే రాతపూర్వక ఒప్పందం ఉన్న ఉద్యోగం. మా దగ్గర ఉన్నది నోటిమాట. పైగా అసలు సర్టిఫికెట్లు మధ్యలో మానకుండా ఉండేందుకు హామీగా యాజమాన్యం బీరువాలో ఉంటాయి. కాగితం ఇవ్వాల్సినవారే మా కాగితాలు పట్టుకొని కూర్చుంటారు.

రాజ్యాంగం ఈ బడి గుమ్మం దాకా వచ్చి ఆగింది. 93వ సవరణ ద్వారా చేరిన 15(5) అధికరణ ప్రైవేటు విద్యాసంస్థల్లో ప్రవేశాలకు రిజర్వేషన్లు కల్పించే వీలిచ్చింది. విద్యాహక్కు చట్టం 12(1)(సి) సెక్షన్ పేద, బలహీనవర్గాల పిల్లలకు 25 శాతం సీట్లు చెప్పింది. రాష్ట్రంలో అది 2022–23 నుంచి ఒకటో తరగతి ప్రవేశాలకు అమలవుతోంది. ప్రీప్రైమరీ ఉన్న బడుల్లో ఆ స్థాయి నుంచే ఇవ్వాలని చట్టంలో ఉన్నా ఒకటో తరగతి దగ్గరే మొదలుపెట్టారు. అందువల్ల ఫీజు కట్టలేని దళిత బిడ్డ ఎల్‌కేజీ గదిలో ఉండదు, ఆ గదిలో దళితులు ఉంటే టీచరుగానో ఆయాగానో ఉంటారు. ఇక ఉద్యోగాల రిజర్వేషన్ 16(4) ప్రకారం ప్రభుత్వ కొలువులకే పరిమితం. మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు రోస్టరు ఉంటుంది, ఎస్సీ వర్గీకరణ లెక్కలూ ఉంటాయి, వాటి మీద మనలో మనకు వాదాలూ ఉంటాయి. ఆ పోస్టు దక్కని మాల యువతి, మాదిగ యువతి పక్కపక్క గదుల్లో ఒకే ఏడు వేలకు పనిచేస్తున్న చోట ఏ రోస్టరూ లేదు.

ఈ నేలకు ఈ ప్రశ్న కొత్త కాదు. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరుకు వచ్చిన తరువాత వెలసిన బడులు అంటరానివారి నుంచి ఉపాధ్యాయులను తయారుచేశాయి. జాషువా అంతటివాడు గుంటూరులో లూథరన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పనిచేశాడు. ‘మాలపల్లి’ రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ పుట్టిన వేములూరుపాడు నాటి సత్తెనపల్లి తాలూకా గ్రామమే. ఆయన గుంటూరులో స్త్రీల చదువుకు శారదానికేతనం స్థాపించారు. అయితే ఆనాటి పల్లె పంతులు ఎక్కువగా పల్లె పిల్లలకే చదువు చెప్పాడు. భూస్వామి మనుమడు మూడేళ్ల వయసులో దళిత స్త్రీ ఒడిలో కూర్చొని ఓనమాలు నేర్వడం మన తరం చూసిన మార్పు. చిన్నది కాదది. ఆ పిల్లవాడు ఇంటికి వెళ్లి టీచరులా నడిచి చూపిస్తాడు, ఆమె మాటే వేదం అంటాడు, సెలవురోజు ఆమె కోసం ఏడుస్తాడు. కులం ఏమిటో ఇంకా తెలియని ఆ ప్రేమ రెండేళ్లు నిలిచినా ఏదో ఒకటి కదులుతుందని నా నమ్మకం. పదో నెలలో ఆమె మాయమై మరొకరు వస్తే పిల్లవాడికి మిగిలే పాఠం వేరు, టీచర్లు వస్తారు పోతారు అని.

చిన్న బడుల యజమానుల వాదన కూడా వినదగ్గదే. వారిలో బీసీలున్నారు, ఒకరిద్దరు దళితులూ ఉన్నారు. అద్దె భవనాలు, బస్సుల అప్పులు, సగంలో ఆగిపోయే ఫీజులు, పెద్ద కార్పొరేట్ బడుల పోటీ. 2020లో కరోనా వారిని కూడా రోడ్డున పడేసింది. ఆ కష్టకాలంలో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. అంటే బడి యజమాని భరించలేనప్పుడు టీచరు బాధ్యత ప్రభుత్వానికి ఉంటుందని ఒకసారి ఒప్పుకున్నట్టే. అయినా యజమానులను ఒకటి అడగాలి. 1994 జనవరి 1 నాటి జీవో నంబర్ 1 వసూలైన ఫీజులో సగం సిబ్బంది జీతాలకు, మరో 15 శాతం వారి భవిష్యనిధి, గ్రాట్యుటీ వంటి ప్రయోజనాలకు కేటాయించాలంది. ముప్పైమంది పిల్లలున్న ఎల్‌కేజీ గది ఏడాదికి ఎంత ఫీజు తెస్తుందో, ఆ గదిలోని మనిషికి అందులో ఎంత ముడుతుందో లెక్క వేయడానికి మూడో తరగతి గణితం చాలు.

కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కరలేని పని ఒకటుంది. ప్రతి ప్రైవేటు బడి గుర్తింపు పునరుద్ధరణ దరఖాస్తుకు సిబ్బంది జాబితా జతచేస్తుంది. ఆ జాబితాలో పేరు, విద్యార్హత, చేరిన తేదీ ఉంటాయి. ఎన్నడూ బడికి రాని మనుషుల సర్టిఫికెట్లతో అది నిండుతుందని పట్టణంలో అందరికీ తెలుసు. నియామక పత్రం నకలు, బ్యాంకు ద్వారా పన్నెండు నెలలు జీతం వేసిన రుజువు, నిరుడు ఆ గదిలో ఎవరున్నారు, ఎందుకు మారారు అన్న ఒక గడి ఆ దరఖాస్తుకు చేర్చాలి. సామాజికవర్గం గడి కూడా ఉండాలి, అది లేకుండా ఎవరు నిలుస్తున్నారో ఎవరు రాలిపోతున్నారో తేలదు. మండల విద్యాశాఖాధికారి తనిఖీకి వచ్చినప్పుడు ప్రిన్సిపాల్ గదిలో టీ తాగి సంతకం పెట్టేముందు ఎల్‌కేజీ గది దాకా నడవవచ్చు. చాలా బడుల్లో అది కింది అంతస్తులోనే, గేటు పక్కనే ఉంటుంది. లోపల ఉన్న ఆమెను పేరు అడిగి, చేతిలోని జాబితాలో ఆ పేరు ఉందేమో చూడాలి.