ఒక ఫోన్, పదిమంది: రైతు నేస్తం, టీ-శాట్, దీక్షలను మీ ఊళ్లో వాడుకోవడం ఎలా?

ఈ పీడీఎఫ్ మీకు వాట్సాప్‌లోనే వచ్చి ఉంటుంది. పంచాయతీ గ్రూపులోనో, పొదుపు సంఘం గ్రూపులోనో, బడి పిల్లల గ్రూపులోనో ఎవరో పెట్టి ఉంటారు. అంటే ఒకరికి తెలిసిన సంగతి పదిమందికి చేరే దారి మీ ఊళ్లో ఇప్పటికే పడి ఉంది. ఆ దారిలో ఇప్పుడు ఎక్కువగా నడుస్తున్నవి పొద్దున పూట పూల బొమ్మలు, పండగ శుభాకాంక్షలు. మధ్యలో ఎక్కడో ఒక పనికొచ్చే మాట. ఆ పనికొచ్చే మాటలు పెరగాలంటే ప్రభుత్వం వైపు నుంచి ఏమేం ఉన్నాయి, మీరు చేయాల్సింది ఏమిటి అన్నది ఇందులో చెబుతున్నాం.

ముందు మిర్చి సంగతి. 2021లో నల్ల తామర పురుగు చేసిన నష్టం ఖమ్మం, భద్రాద్రి జిల్లాల్లో మిర్చి వేసిన ఏ ఇంటివారూ మరిచిపోరు. మనకు అంతకుముందు తెలిసిన తామర పురుగు ఆకుల్ని పట్టేది, ఆకు పైకి ముడుచుకునేది, చూడగానే తెలిసేది. ఈ కొత్త పురుగు పువ్వులో దూరింది. పూత రాలిపోయింది. కొట్టిన మందు దానికి తగల్లేదు. ఒక మందు పనిచేయలేదని రెండోది, రెండోది పనిచేయలేదని రెండూ కలిపి కొట్టారు. ఖర్చు పెరిగింది తప్ప పురుగు తగ్గలేదు. మందు మీద మందు కొడితే ఆ పురుగును తినే మంచి పురుగులే ముందు చస్తాయని, నీలి రంగు జిగురు అట్టలు పెట్టాలని, వేపనూనె వాడాలని, యూరియా తగ్గించాలని శాస్త్రవేత్తలు చెప్పారు. అయితే ఆ మాట చేనుకు చేరేసరికి చాలామంది అప్పటికే నాలుగైదు సార్లు కొట్టేసి ఉన్నారు. సరైన మాట లేక కాదు, అది వేళకు రాక నష్టపోయాం.

రైతు నేస్తం వచ్చింది ఈ లోటు కోసమే. 2024 మార్చి 6న రాష్ట్ర ప్రభుత్వం దీన్ని ప్రారంభించింది. తొలి విడతలో 110 రైతు వేదికలను వీడియో కాన్ఫరెన్స్‌తో కలిపారు. రాష్ట్రంలో రైతు వేదికలు మొత్తం 2,601 ఉన్నాయి, మిగతావాటికి దశలవారీగా ఈ ఏర్పాటు చేస్తున్నారు. మంగళవారం మంగళవారం జరిగే ఈ కార్యక్రమంలో ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, వ్యవసాయ శాఖ అధికారులు తెర మీద ఉంటారు. మీరు ఇటువైపు కూర్చుంటారు. వాళ్లు చెప్పింది వినడమే కాదు, మీరు అడగొచ్చు కూడా. ఇందుకు ఫీజు లేదు. ఏ పత్రమూ అక్కర్లేదు. కౌలు రైతులూ రావొచ్చు, పాస్‌బుక్ లేని పోడు రైతులూ రావొచ్చు. మీ వేదికలో ఈ సౌకర్యం ఉందా, ఈ వారం ఏ పంట మీద చెబుతారు, ఎన్ని గంటలకు అన్నది మీ వ్యవసాయ విస్తరణ అధికారిని, అంటే ఏఈఓని, సోమవారమే అడిగి పెట్టుకోండి.

ఇక్కడ ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. చాలాచోట్ల రైతులు వచ్చి వెనక కుర్చీల్లో కూర్చుని, విని, లేచి వెళ్లిపోతున్నారు. తెర మీద ఉన్న పెద్ద సారును ఏం అడుగుతాం అని మొహమాటం. మీరు అడగకపోతే ఆయన వరంగల్ పత్తికీ, నల్గొండ వరికీ పనికొచ్చేదే చెబుతారు. చర్ల, దుమ్ముగూడెం వైపు గోదావరి ముంపు తగ్గాక ఏం వేయాలో, దమ్మపేట, అశ్వారావుపేట వైపు పామాయిల్ తోటలో అంతర పంటగా ఏం పెట్టాలో ఆయనకు మీరే గుర్తు చేయాలి.

ప్రశ్న అడగడంలో కూడా ఒక పద్ధతి ఉంది. "చేను పాడైంది, ఏం కొట్టాలి?" అంటే ఎంత పెద్ద శాస్త్రవేత్తయినా ఊహించి చెప్పాల్సిందే. ఫోన్‌లో మూడు ఫొటోలు తీయండి: మొక్క మొత్తం కనపడేది ఒకటి, ఆకు పైభాగం ఒకటి, ఆకు వెనక భాగం ఒకటి. మిర్చి అయితే పువ్వు విప్పి ఇంకొకటి. పొద్దున పూట తీస్తే స్పష్టంగా వస్తుంది, మిట్టమధ్యాహ్నం ఎండలో రంగు తేడాగా పడుతుంది. తర్వాత నాలుగు సంగతులు చెప్పండి. విత్తి ఎన్ని రోజులైంది, చేనంతా ఉందా ఒక మూలే ఉందా, చివరిసారి నీళ్లు ఎప్పుడు పెట్టారు, ఇప్పటిదాకా ఏమేం కొట్టారు. కొట్టిన మందు పేరు గుర్తులేకపోతే ఖాళీ డబ్బా ఫొటో తీసి పెట్టండి. మందు డబ్బా ఫొటో పెట్టడానికి కొందరు సిగ్గుపడుతున్నారు, ఎక్కువ కొట్టామని తిడతారేమోనని. తిట్టినా ఫర్వాలేదు, పెట్టండి.

మంగళవారం దాకా ఆగలేని పరిస్థితి వస్తే కిసాన్ కాల్ సెంటర్ ఉంది. నంబర్ 1800-180-1551. పొద్దున 6 నుంచి రాత్రి 10 వరకు తెలుగులోనే మాట్లాడతారు. డబ్బులు పడవు. 2004 నుంచి ఉన్న నంబర్ ఇది, అయినా మన వైపు చాలామంది ఫోన్లలో సేవ్ అయి లేదు.

"సార్, మాకు తెలుగు చదవడం రాదు, గ్రూపులో రాయడం రాదు, మాకెందుకు ఇవన్నీ" అని గూడేల్లో పెద్దవాళ్లు అడుగుతారు. దీనికి జవాబు మన సరిహద్దు అవతలే ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో శుభ్రాంశు చౌదరి అనే పాత్రికేయుడు 2010లో సీజీనెట్ స్వర అని ఒకటి మొదలుపెట్టారు. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. ఒక నంబర్‌కు మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి కాల్ వచ్చేది. ఒక బటన్ నొక్కితే మీ మాట రికార్డ్ అవుతుంది, ఇంకొకటి నొక్కితే వేరే ఊరివాళ్లు చెప్పింది వినపడుతుంది. హిందీలో, గోండీలో చెప్పుకునేవారు. బోరింగ్ పాడైందని, కూలి డబ్బులు రాలేదని, బడికి సారు రావట్లేదని చెప్పారు. పాటలు కూడా పాడారు. చెప్పిన ప్రతిదీ నేరుగా బయటికి వెళ్లేది కాదు. మధ్యలో ఒకరు విని, నిజమా కాదా కనుక్కుని అప్పుడు వదిలేవారు.

మీ గ్రూపులో అదే పద్ధతి పెట్టుకోవచ్చు. వాట్సాప్‌లో మైక్ గుర్తు నొక్కి కోయలో మాట్లాడండి. అవతల వినేవాళ్లకు కోయ వచ్చినప్పుడు తెలుగులో రాయాల్సిన అవసరం ఏముంది? సంఘంలో చదువుకున్న ఒక ఆడపిల్లకు, ఒక అబ్బాయికి వడపోత పని అప్పగించండి. ఏ కబురైనా వాళ్లు ముందు ఏఈఓనో, ఏఎన్ఎంనో, పంచాయతీ కార్యదర్శినో అడిగి, ఆ తర్వాతే గ్రూపులో పెట్టాలి. గ్రూపు సెట్టింగ్స్‌లో అడ్మిన్లు మాత్రమే పంపేలా మార్చుకునే వీలుంది. ప్రశ్నల కోసం వేరే గ్రూపు ఉంచుకుంటే గోల తగ్గుతుంది. ఇప్పపువ్వు బూజు పట్టకుండా ఎలా ఆరబెట్టాలి, అడ్డాకు ఎప్పుడు కోస్తే చిరగదు అన్నవి యూట్యూబ్‌లో వెతికితే దొరకవు. మీ నాయనమ్మ దగ్గర దొరుకుతాయి. ఆమెను అడిగి, ఆమె ఒప్పుకుంటేనే రికార్డ్ చేయండి. ఆకు మందుల విషయంలో మాత్రం తొందరపడొద్దు. అది ఆమె సొత్తు, అందరికీ పంచాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. పైగా మోతాదు తెలియకుండా ఎవరైనా వాడితే ప్రమాదం.

ఇక పిల్లల చదువు. 2020 సెప్టెంబర్ 1న బడులు మూసి ఉన్నప్పుడే 3 నుంచి 10వ తరగతి వరకు పాఠాలు దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో మొదలయ్యాయి. టీవీ ఉన్న ఇంటి ముందు నలుగురు పిల్లలు కూర్చుని చూసిన రోజులు అవి. టీ-శాట్ ఇప్పటికీ నడుస్తోంది. విద్య చానెల్‌లో బడి, కాలేజీ పాఠాలు, నిపుణ చానెల్‌లో ఉద్యోగ పరీక్షల శిక్షణ వస్తాయి. యాప్‌లోనూ యూట్యూబ్‌లోనూ ఉచితంగా చూడొచ్చు. టెట్, డీఎస్సీ, గ్రూప్స్‌కు హైదరాబాద్ వెళ్లి హాస్టల్ ఫీజు కట్టలేని పిల్లలకు ఇది నిజంగా పనికొస్తుంది. కాకపోతే ఒక్కరే చూస్తే పది రోజుల్లో మానేస్తారు. ముగ్గురు నలుగురు కలిసి ఒక వేళ పెట్టుకుని చూసి, తర్వాత ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కుంటే నిలబడుతుంది.

దీక్ష యాప్ కేంద్రానిది, 2017లో వచ్చింది. మీ పిల్లల పాఠ్యపుస్తకంలో నల్ల గళ్ల చతురస్రం ఉంటుంది, అదే క్యూఆర్ కోడ్. దీక్ష యాప్ తెరిచి దాన్ని స్కాన్ చేస్తే ఆ పాఠం వీడియో వస్తుంది. లాగిన్ లేకుండా కూడా చూడొచ్చు. సిగ్నల్ లేని గూడేలకు దీనిలో ఒక సౌకర్యం ఉంది. సంతకు వచ్చినప్పుడో, మండల కేంద్రానికి వచ్చినప్పుడో పాఠాలు డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే ఇంటికి వెళ్లాక నెట్ లేకుండానే నడుస్తాయి. చెట్టెక్కి సిగ్నల్ వెతికే పని ఉండదు. పెద్ద పిల్లలకు ఇంకో పని కూడా చెప్పొచ్చు. 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియాలో మన ఊళ్లలో చాలావాటికి పేజీలున్నాయి, ఎవరైనా సరిదిద్దవచ్చు. మీ ఊరి పేజీలో తప్పు కనిపిస్తే పిల్లలతో దిద్దించండి. ఆధారం చూపించి రాయాలనేది అక్కడి నియమం. ఆ అలవాటు వాట్సాప్‌లోకి కూడా వస్తే మంచిదే.

ఎందుకంటే తప్పు కబురు మనకు ఖరీదు. భద్రాచలం చుట్టుపక్కల ఇది మరీ ఎక్కువ. 2014 తర్వాత ఎటపాక, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, గుండాల, పిచ్చుకలపాడు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. రాష్ట్రాలు రెండైనా చుట్టాలు ఒక్కరే, గ్రూపులూ ఒక్కటే. అటు అన్నదాత సుఖీభవ గురించి వచ్చిన మెసేజ్ ఇటు చేరుతుంది. ఇటు రైతు భరోసా గురించి వచ్చింది అటు వెళుతుంది. ఆ మెసేజ్‌లో అబద్ధం ఏమీ లేదు, కాకపోతే అది మీ రాష్ట్రానిది కాదు. చార్జీలు పెట్టుకుని, ఒక రోజు కూలి పోగొట్టుకుని ఆఫీసుకు వచ్చాక ఆ సంగతి తెలుస్తుంది. పథకం మెసేజ్ రాగానే ఏ రాష్ట్రం, ఏ తేదీ అని చూడండి. ఆ రెండూ లేకపోతే ముందుకు పంపొద్దు. రెండు బాణాల గుర్తుతో వచ్చిందంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం.

ఈ తప్పు మీరే చేస్తారని కాదు. ఒకసారి నేనే ఒక శిబిరం తేదీ తప్పు రాసి గ్రూపులో పెట్టాను. పది నిమిషాల్లో డిలీట్ చేసి సరైనది పెట్టాను. అప్పటికే మొదటిది వేరే గ్రూపులకు వెళ్లిపోయింది. నేను డిలీట్ చేసింది నా గ్రూపులో మాత్రమే పోయింది, వాళ్లు పంపుకున్నవి అలాగే ఉన్నాయి. ఆటో మాట్లాడుకుని వచ్చిన ఒక పెద్దావిడ తాళం వేసిన గది ముందు కూర్చుని ఉంది. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. అప్పటి నుంచి తేదీ రాశాక ఇంకొకరికి చూపించకుండా పంపడం మానేశాను.

మోసం మెసేజ్‌ల సంగతి వేరు. పీఎం కిసాన్ డబ్బుల కోసం ఈ యాప్ వేసుకోండి అని ఏపీకే ఫైల్ వస్తే నొక్కొద్దు, తెలిసినవాళ్ల నంబర్ నుంచి వచ్చినా సరే. వాళ్ల ఫోన్ అప్పటికే చిక్కి ఉండొచ్చు. యాప్ కావాలంటే ప్లే స్టోర్ నుంచే వేసుకోండి. ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్ ఫొటోలు గ్రూపులో పెట్టొద్దు, అధికారి అడిగినా గ్రూపులో వద్దు, చేతికి చూపించండి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. డబ్బులు పోతే ఆ నిమిషమే 1930కి ఫోన్ చేయండి. ఆలస్యం చేసినకొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారుతూ పోతుంది. గంటలోపు చెబితే ఆపే అవకాశం ఎక్కువ. పరువు పోతుందని రెండు రోజులు దాచుకుని తర్వాత వచ్చేవాళ్లకు సాయం చేయడం కష్టమవుతోంది.

ఈ వారం చేయాల్సింది ఇది. సోమవారం ఏఈఓకి ఫోన్ చేసి వేదిక, సమయం కనుక్కోండి. మీ చేను ఫొటోలు మూడు తీసుకోండి. వీలైతే తెగులు పట్టిన కొమ్మను కాగితంలో చుట్టి తీసుకురండి, పాలిథీన్ కవర్‌లో పెడితే చెమ్మకు కుళ్లిపోతుంది. ఫోన్ లేని పక్కింటి రైతును కూడా వెంట తీసుకురండి. ముందు వరుసలో కూర్చోండి.