పుట్టినింటి పేరు

అమ్మమ్మ పుట్టినింటి పేరేమని అడిగినచో మనలో నెందఱు వెంటనే చెప్పగలరు? ఆమె తల్లి పేరు అడిగినచో ఇంటి పెద్దలును తడబడుదురు. స్కాట్లండు దేశమున ఇట్టి ప్రశ్నలకు బదులు చెప్పు పాత పుస్తకములు కొన్ని గలవు. వానిని గూర్చి సోదరీమణులకు నాలుగు మాటలు విన్నవింపదలచితిమి.

ఆ దేశమున జనన మరణ వివాహములను ప్రభుత్వమువారు నమోదు చేయుట 1855వ సంవత్సరము జనవరి 1వ తేదీన ఆరంభమయ్యెను. అంతకు పూర్వ మా పని చర్చివారిది. ఒక్కొక్క చర్చికి లోబడిన ప్రాంతమును పారిష్ అందురు. శిశువునకు బాప్తిస్మ మిచ్చినపుడును, పెండ్లి ప్రకటన చేసినపుడును ఆ సంగతి పారిష్ పుస్తకమున వ్రాసెడివారు. మిగిలియున్న వానిలో మిక్కిలి పాతది ఎర్రోల్ పారిష్‌ది; అది 1553లో మొదలైనది. ఇవి యిపుడు ఎడింబరో నగరమున భద్రపఱుపబడియున్నవి. కొలది రుసుము చెల్లించి ఇంటర్నెట్టు ద్వారా ఇంటనుండియే ఆ పుటలను చూడవచ్చును.

ఈ పుస్తకములలో మమ్ము ఆకర్షించిన విశేషమొకటి కలదు. స్కాట్లండు స్త్రీ పెండ్లియైన పిదపను వ్రాతలలో తన పుట్టినింటి పేరును కోల్పోలేదు. రాబర్టు బర్న్స్ మహాకవి 1759 జనవరి 25వ తేదీన జన్మించెను. ఎయిర్ పారిష్ పుస్తకమున అతని తల్లి ఆగ్నెస్ బ్రౌన్ అనియే వ్రాయబడినది. బ్రౌన్ ఆమె పుట్టినింటి పేరు. ఆ యొక్కమాటయే ఆమె తండ్రి యింటికి దారి చూపును.

మనవలకు తాతల పేళ్లు పెట్టుట మనవలెనే వారికిని ఆచారము. ఆగ్నెస్ పెద్దకుమారునకు తండ్రి తండ్రియైన రాబర్టు పేరును, రెండవవానికి తల్లి తండ్రియైన గిల్బర్టు పేరును వచ్చినవి. పెద్దకుమార్తెకు అమ్మమ్మ పేరే పెట్టిరి. ఆగ్నెస్ పదియేండ్ల ప్రాయముననే తల్లిని కోల్పోయినది. ఆ తల్లి పేరు మనుమరాలియందు నిలిచినది.

అయినను ఈ పుస్తకములు సమగ్రములు కావు. కొన్ని నశించినవి. కొన్నిట తండ్రి పేరే గాని తల్లి పేరు కానరాదు. 1783 మొదలు 1794 వఱకు ఒక్కొక్క నమోదునకు మూడు పెన్నీల పన్ను విధింపబడుటచే పలువురు బిడ్డల పేళ్లు వ్రాయించుటయే మానిరి. కావున వెదకువారు తెలిసిన దానినుండి తెలియనిదానికి, అనగా వెనుకకు, నడువవలెను. 1855 తరువాతి మరణపత్రమున మృతుల తలిదండ్రుల పేళ్లును, తల్లి పుట్టినింటి పేరును సాధారణముగా నుండును. దానిని పట్టుకొని పారిష్ పుస్తకమునకు పోవలెను.

ఆగ్నెస్ బ్రౌనుకు తన పేరు వ్రాయుటయైనను రాదందురు. ఎవరో యొక గుమాస్తా వ్రాసినందున నామె పేరు నేటికిని నిలిచియున్నది. మనకు వ్రాత వచ్చును. ఇంట ముసలివారున్న సోదరీమణులు నేడే వారి చెంత కూర్చుండి, వారి తల్లి పేరును, అమ్మమ్మ పేరును, వారి పుట్టినిండ్ల పేళ్లను అడిగి వ్రాసియుంచుకొందురు గాక. ఱేపు అడుగుదమన్న చెప్పువారుండకపోవచ్చును.