తడిసిన తోలు తొందర ఓర్చదు

*వరదలో మునిగిన కారు ఇంజిన్ గురించి అందరూ అడుగుతారు. సీట్ల సంగతి వాసన మొదలయ్యాకే గుర్తొస్తుంది. ఆపాటికి వాటిని ఎండలో పెట్టేసి ఉంటాం. అసలు నష్టం అక్కడే జరుగుతుంది.*

తమిళనాడు కృష్ణగిరి జిల్లాలో ఒక తాలూకా కేంద్రం ఊత్తంగరై. 2024 డిసెంబరు 2న ఆ ఊరి బస్టాండు దగ్గర నిలిపి ఉంచిన కార్లు, వ్యాన్లు వరదలో కొట్టుకుపోతున్న వీడియో దేశమంతా చూసింది. ఫెంగల్ తుపాను నవంబరు 30 రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. సముద్రానికి అంత దూరాన ఉన్న కృష్ణగిరి జిల్లాకు తుపానుతో ఏం పని అనుకున్నారు జనం. అదేమో బలహీనపడి, నెమ్మదిగా పడమటికి నడిచి, ఒక్క ఊత్తంగరైలోనే 24 గంటల్లో 50 సెంటీమీటర్ల వాన కుమ్మరించింది. చెరువు పొంగి రోడ్డెక్కింది.

అంతకు మూడు నెలల ముందు విజయవాడలోనూ ఇదే కథ. బుడమేరు పొంగి సింగ్‌నగర్ వీధుల్లో కార్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. ఊరేదైనా వరద తీశాక మనం చేసేది ఒకటే. కారు తలుపులు నాలుగూ బార్లా తెరిచి ఎండకు పెడతాం. వారం తిరిగేసరికి సీటు అప్పడంలా బిర్రబిగుస్తుంది, కుట్ల దగ్గర చీలుతుంది. నింద మాత్రం వరద మీద వేస్తాం.

నీళ్లలోనే పుట్టిన వస్తువు

తోలుకు నీళ్లు కొత్త కావు. పచ్చి చర్మం తోలుగా మారే ప్రయాణమంతా నీళ్లలోనే సాగుతుంది. ముందు నానబెడతారు, సున్నంలో వేసి వెంట్రుక రాలగొడతారు, మళ్లీ కడుగుతారు, ఆ తర్వాతే ఊనుతారు (టానింగ్ చేస్తారు). పాత రోజుల్లో తంగేడు చెక్క, కరక్కాయ వేసిన లందల్లో తోళ్లు వారాల తరబడి నానేవి. తెలంగాణ బతుకమ్మలో కొలువుదీరే తంగేడు, చెక్క రూపంలో తోలుకు ప్రాణం పోసే చెట్టు కూడా. ఇప్పుడు ఎక్కువగా క్రోమియం లవణాలు వాడుతున్నారు. తిరిగే పీపాల్లో పని గంటల్లోకి వచ్చింది. నీళ్లు మాత్రం అవే. ఊత్తంగరై నుంచి గంట ప్రయాణానికి అటూ ఇటూగా ఉండే వాణియంబాడి, దాన్ని దాటితే వచ్చే ఆంబూరు ఈ పరిశ్రమకు దేశంలోనే పేరుమోసిన ఊళ్లు.

మరి నీళ్లలో పుట్టినది నీళ్లు తగిలితే ఎందుకు చెడుతుంది?

తోలు నిండా ఉండేవి కొల్లాజెన్ అనే ప్రొటీను పోగులు. ఒకదానినొకటి చుట్టుకున్న మూడు పాయల జడలా ఉంటుంది దాని అణువు. ఆ సంగతి 1954–55లో లోకానికి చెప్పింది మద్రాసు విశ్వవిద్యాలయంలో పనిచేసిన జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. పోగుకూ పోగుకూ మధ్య జారుడు ఉంటేనే తోలు మెత్తగా వంగుతుంది. అందుకే ఊనడం అయ్యాక, నీళ్లలో కలిసేలా చేసిన నూనెలు తోలు లోపలిదాకా పట్టిస్తారు. వరద నీళ్లలో రోజుల తరబడి నానితే ఆ నూనె కొంత కొట్టుకుపోతుంది, కొంత చోటు మారుతుంది. తర్వాత గబగబా ఎండబెడితే పోగులు దగ్గరకు లాక్కుని అతుక్కుపోతాయి. తలంటుకుని నూనె రాయకుండా ఎండలో నిలబడితే జుట్టు చిక్కులు పడ్డట్టే. తడిసిన తోలు వేడికి ముడుచుకుపోతుంది కూడా. ఒకసారి ముడుచుకుంటే దాన్ని మళ్లీ సాగదీయలేం.

తోలును ఇలా శాస్త్రంగా చూడడం మన దేశానికి అలవాటు చేసినవాళ్లలో ముందువరుసలో ఉన్నది ఓ తెలుగువాడే. తెనాలి దగ్గరి యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ 1958 నుంచి 1971 దాకా మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు డైరెక్టరు. ప్రయోగశాల విద్యను పల్లెలోని లంద దాకా తీసుకెళ్లాలని పట్టుబట్టిన మనిషి. 1985లో ఎయిరిండియా కనిష్క విమానంలో బాంబు పేలిన ఘటనలో చనిపోయారు.

ముందు బ్యాటరీ, తర్వాత బోల్టులు

మునిగిన కారును స్టార్ట్ చేయకూడదన్నది మొదటి సూత్రం. ఫొటోలు తీసి బీమా కంపెనీకి కబురు పెట్టి, తోయించుకునో లాగించుకునో షెడ్డుకు చేర్చాలి. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే వరద నష్టానికి రూపాయి రాదు. సొంత నష్టానికీ కవరేజీ ఉండాలి. బాగుచేసే ఖర్చు కారుకు కట్టిన బీమా విలువలో 75 శాతం దాటితే పూర్తి నష్టం కింద లెక్కేస్తారు. అప్పుడు సీట్ల గురించి బెంగే అక్కర్లేదు.

కారును బాగుచేయించుకోవచ్చని తేలింది అనుకుందాం. సీటు ఊడదీసే ముందు బ్యాటరీ వైరు తప్పించి కొన్ని నిమిషాలు ఆగాలి. ఇప్పటి కార్లలో చాలావాటికి ముందు సీటు పక్కనే ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. సీటు కింద కనిపించే పసుపు కనెక్టర్లు సాధారణంగా దాని తాలూకువే. ఆ పని తెలిసినవాళ్ల చేతుల్లోనే జరగాలి. తర్వాత బోల్టులు విప్పి సీటు బయటికి తీసి, కవరును స్పాంజికి పట్టి ఉంచే ఇనుప రింగులను కత్తిరించి, తోలును, స్పాంజిని, ఇనుప చట్రాన్ని విడదీస్తారు. ఈ విడదీయడమే సగం వైద్యం. పైన తోలు ఆరినట్టు కనిపించినా లోపలి స్పాంజి బకెట్టెడు నీళ్లు దాచుకుంటుంది. రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది. మురుగు కలిసిన నీళ్లు తాగిన స్పాంజిని పారేసి కొత్తది వేయించడమే మేలు.

ఇక్కడే ఇంకో నిజం బయటపడుతుంది. కవరు తిరగేసి చూస్తే వెనక నూలు బట్టో, అల్లిక గుడ్డో కనబడితే అది తోలు కాదు, రెగ్జిన్. నూగులా పోగులు కనబడితే అసలు తోలు. చాలా కార్లలో మనం కూర్చునే భాగమే తోలు, పక్కలూ వీపూ రెగ్జిన్. రెగ్జిన్‌కు కడగడం, తుడవడం చాలు, నూనెతో పనిలేదు.

ఆరబెట్టే విద్య

తోలును మంచినీళ్లతో, ఘాటు లేని సబ్బుతో కడగాలి. తోలు స్వభావం కొంచెం ఆమ్లం. బట్టల సోడా, గిన్నెల పొడి వంటి క్షారాలు దానికి గిట్టవు. పిండకూడదు, మెలిపెట్టకూడదు. తువ్వాలుతో అద్దాలి. ఆపైన నీడలో, గాలి ఆడేచోట, ఫ్యాను ముందు పరిచి మెల్లగా ఆరనివ్వాలి.

మెలకువంతా ఆ తర్వాతే. పూర్తిగా ఎండకముందే, చేతికి ఇంకా చల్లగా తగులుతున్నప్పుడే, లెదర్ కండిషనర్ పట్టించాలి. అదీ వెనకవైపు నుంచి. కారు తోలుకు పైన రంగు, దానిమీద ప్లాస్టిక్ లాంటి పలుచని పూత ఉంటాయి. కొబ్బరి నూనె పైపైన పూస్తే లోపలికి దిగదు, దుమ్ము పట్టి జిడ్డు మిగులుతుంది. వెనక పోగులు మాత్రం తెరిచి ఉంటాయి, తాగుతాయి. ఆ మెత్తదనంలోనే కవరును ఆరిన స్పాంజికి తొడిగితే, సీటు ఆకారానికి తగ్గట్టే సర్దుకుని ఆరుతుంది. పగుళ్లు నింపడం, రంగు కలపడం, పై పూత వేయడం చివరి మెరుగులు. వాటితో మొదలుపెట్టేవాళ్లు లోపలి తడిని బందీ చేస్తారు.

ఇవి వద్దు

• నడి ఎండ, హీట్‌గన్, వేడి హెయిర్ డ్రయ్యర్.
• తడి ఉండగానే ప్లాస్టిక్ కవరు తొడగడం.
• వాసన తెలియకుండా సెంటు కొట్టడం. బూజుకు సెంటు ఆటంకం కాదు.
• తుప్పు పట్టిన చట్రాన్ని, పట్టాలను చూడకుండా సీటు బిగించడం.

బావి నేర్పిన పాఠం

ఈ పద్ధతి పేరు ఇప్పుడు లెదర్ రెస్టొరేషన్. కానీ దీని వెనకున్న తెలివి పాతదే. కరెంటు మోటార్లు రాకముందు కృష్ణగిరి లాంటి మెట్టసీమ బావుల మీద ఎడ్లతో నీళ్లు తోడే కపిలలు ఆడేవి. ఎడ్లు వాలులోకి దిగితే నీళ్లు నిండిన బాన పైకి లేచేది. దాని తోలు తొండం నీళ్లు తొట్టిలో గుమ్మరించేది. పొద్దు పొడిచింది మొదలు ఆ తోలు రోజూ బావిలో మునిగి లేచేది, అయినా పంట పండించేది. తమిళనాడు పడమటి జిల్లాల్లో తరతరాలుగా తోలుపని చేసిన అరుంధతియర్లలో చాలామంది ఇంటి భాష తెలుగే. తోలుకు ఎప్పుడు నూనె పట్టాలో, ఎంతసేపు నీడన ఉంచాలో ఆ చేతులకు తెలుసు. వాళ్లు కుట్టిన తోలుతో ఊరంతా నీళ్లు తోడుకుంది, వాళ్లను మాత్రం బావి దగ్గరికి రానివ్వలేదు.

ఈసారి సీటు తడిస్తే ఎండకు ఈడ్చే ముందు కపిల బావిని తలుచుకోండి. అక్కడ తోలు నానని రోజు లేదు.