పనిచేసే ఆడవాళ్ళకు తగిన బట్ట

పత్తి ఏరే కాలంలో మన ఊళ్ళలో ఆడవాళ్ళను మీరు చూసే ఉంటారు. చీర మీద మొగుడిదో కొడుకుదో పాత ఫుల్‌చేతుల చొక్కా తొడుక్కొని, నడుముకు ఒడి కట్టుకొని చేనులోకి దిగుతారు. ఎండ, పురుగుమందు, పత్తికాయ డొప్పల గీతలు తగలకుండా ఆ చొక్కా. మా అమ్మకూ అదే యూనిఫాం. కానీ అది మగవాళ్ళ కొలతలకు కుట్టింది. భుజాలు జారతాయి. జేబు పైన ఉంటుంది కాబట్టి వంగగానే అందులోది కింద పడుతుంది. పైగా చాలావరకు పాలిస్టర్ కలిసిన గుడ్డ, చెమట పీల్చదు. పత్తి ఏరే మనిషి ఒంటిమీద పత్తి బట్ట లేదన్నమాట!

పాలిస్టర్ చవక, తొందరగా ఆరుతుంది, తొందరగా చిరగదు. ఈ మూడూ నిజమే, ఒప్పుకోవాలి. మరి నూలుబట్ట ఎందుకు ఖరీదు? బ్రిటిష్ కాలంలో మన పత్తిని ఓడల్లో లాంకషైర్ మిల్లులకు పంపడానికి ఆవిరి యంత్రాలతో అదిమి బేళ్ళు కట్టడం మొదలైంది. ఆ ఒత్తిడికి దూది సహజ గుణం దెబ్బతింటుంది. దాన్ని మళ్ళీ విడదీయడానికి పెద్ద యంత్రాలు, బోలెడు కరెంటు కావాలి. ఓడలు పోయాయి గానీ బేళ్ళు పోలేదు. ఊరి పత్తి దూరపు మిల్లుకు పోయి, నూలై తిరిగి నేతన్నకు చేరేసరికి ధర పెరుగుతుంది.

దీనికి జవాబుగా హైదరాబాదు కేంద్రంగా ఉజ్రమ్మ గారు, ఆమె సహచరులు 'మల్ఖా' ప్రారంభించారు. మల్‌మల్, ఖాదీ అనే రెండు మాటలు కలిపిన పేరు అది. బేలు కట్టకుండా, పత్తి పండే చోటికి దగ్గరలోనే చిన్న యంత్రాలపై నూలు వడికి, చేమగ్గంపై నేసి, నీలిమందు వంటి సహజ రంగులు అద్దుతారు. మీనా మీనన్‌తో కలిసి ఉజ్రమ్మ గారు 2017లో 'ఎ ఫ్రేడ్ హిస్టరీ' అనే ఇంగ్లీషు పుస్తకంలో ఈ పత్తి చరిత్రంతా రాశారు. బట్ట చక్కనిదే. కాని పత్తి ఏరే కూలి మనిషి కొనగలిగే ధర కాదు.

ఇక్కడే మన హాస్టల్ జంపఖానా గుర్తుకొస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో ఆప్కో చేనేత సంఘాల దగ్గర జంపఖానాలు, దుప్పట్లు కొని సంక్షేమ హాస్టళ్ళకు ఇచ్చేది. వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సర్కారు టోకున కొంటే నేతన్నకు పని, పిల్లలకు గట్టి బట్ట. మరి ఊడ్చే అక్కలకు, ఉపాధి హామీ కూలీలకు, మన వంటమ్మలకు కూడా ఇలాగే నూలు కోట్లు ఎందుకు కుట్టించకూడదు? పొయ్యి దగ్గర పాలిస్టర్ మరీ ప్రమాదం. మంట అంటుకుంటే కరిగి చర్మానికి అతుక్కుంటుంది.

అంతవరకు మనమే కుట్టించవచ్చు. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో మందపాటి నూలుబట్ట తీసుకొని, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరేశాకే టైలర్‌కు ఇవ్వండి. లేకపోతే కుట్టాక కుంచించుకుపోతుంది. చంకల్లో రెండు వరసల కుట్టు, జేబులు తొడల దగ్గర, మూతతో పెట్టమనండి. ముందు బట్ట అంచు నుంచి ఒక్క పోగు లాగి వెలిగించి చూడండి. నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది. పాలిస్టరైతే కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది.