పిల్ల గొంతులో భయమా, పౌరుషమా?

గుడారం లాంటి చిన్న తెర వెనక మనిషి కదలకుండా నిలబడి ఉంటాడు. చేతికి జనపనార తొడుగు. పరుగున వచ్చిన కుక్క అతడి ముందు ఠక్కున ఆగిపోవాలి. కరవకూడదు, మీద పడకూడదు. యజమాని వచ్చేదాకా ఎదురుగా నిలబడి ఆపకుండా మొరుగుతూనే ఉండాలి. జర్మనీలో పుట్టిన షుట్‌జుండ్ పోటీల్లో కుక్క నిగ్రహానికి పెట్టే గట్టి పరీక్ష ఇది. 2019 నుంచి ఆ పోటీలను ఐజీపీ అంటున్నారు. 1899లో జర్మన్ షెపర్డ్ సంఘాన్ని స్థాపించిన మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్‌కి అందం కన్నా పనితనమే ముఖ్యం. గుండెనిబ్బరం ఉన్న కుక్కల్ని ఏరుకోవడానికే ఈ పరీక్షలు మొదలయ్యాయి.

ఆరితేరిన కుక్క సంగతి సరే. ఏడాది నిండని కుక్కపిల్ల శిక్షణ మైదానంలో చేసే గోల మాటేమిటి? గట్టిగా అరిస్తే చాలు, పౌరుషం ఉందని యజమానులు మురిసిపోతారు. అక్కడే పొరపాటు జరుగుతోంది.

చేతికి తొడుగు వేసుకుని కుక్కకు ఎదురుగా నిలబడే సహాయకుణ్ని హెల్పర్ అంటారు. తొడుగు ఊపుతూ అతడు కవ్విస్తుంటాడు. పట్టీ బిగుసుకుని పిల్ల ముందుకు పోలేదు. అప్పుడు వచ్చే కీచు అరుపు బొమ్మ అందని పసివాడి ఏడుపులాంటిది. అందులో ఆశ ఉంది, ఉక్రోషం ఉంది, ఎదుటి మనిషిని నిలదీసే ధాటి లేదు. అదే పిల్ల నిలదొక్కుకుని, ఛాతీ ముందుకు పెట్టి, లోతైన గొంతుతో ఒకే లయలో మొరిగితే అది మనిషితో నేరుగా మాట్లాడుతున్నట్టు. చెవులు వెనక్కి వాల్చి, తోక ముడిచి, వెనకడుగు వేస్తూ మొరిగేది మాత్రం ‘నా దగ్గరికి రావద్దు’ అనే మొర. ఆ పిల్లను ఇంకా ఒత్తిడి చేయడం అన్యాయం.

కరిచి పట్టుకున్నాక వచ్చే గుర్రుమనే శబ్దం దగ్గర మరింత జాగ్రత్త కావాలి. నోటినిండా పట్టి, ఒళ్లు వదులుగా ఉంటే అది ఆటలో హుషారే కావచ్చు. ముందుపళ్లతో పట్టి మాటిమాటికీ పట్టు మారుస్తుంటే లోపల కంగారుంది. అందుకే చెవితోపాటు కళ్లూ పనిచేయాలి.

మనుషులకు ఈ తేడాలు అసలే తెలియవనుకోనక్కర్లేదు. హంగరీ పరిశోధకులు ముదీ జాతి కుక్కల మొరుగుళ్లు రికార్డు చేసి జనానికి వినిపించారు. వాటిలో ఒకటి సరిగ్గా ఈ షుట్‌జుండ్ శిక్షణలోదే. 2005లో వెలువడిన ఆ అధ్యయనంలో, ఎప్పుడూ కుక్కను పెంచనివాళ్లు కూడా గుడ్డిగా ఊహిస్తే వచ్చేదానికన్నా మెరుగ్గా సందర్భాన్ని పోల్చుకున్నారు. లోతైన గొంతుతో వెంటవెంటనే వచ్చే మొరుగు మనకు కోపంగానే వినిపిస్తుంది.

మొరుగు ఎలా కుదురుతుందన్నది హెల్పర్ చేతిలో ఉంటుంది. మంచి మొరుగు రాగానే అతడు ఉలిక్కిపడి వెనక్కి తగ్గితే, తన గొంతుకు మనిషిని కదిలించే బలముందని పిల్ల తెలుసుకుంటుంది. కీచుకి తొడుగు అందిస్తే కీచే అలవాటవుతుంది. క్షణం ఆలస్యమైనా పాఠం మారిపోతుంది. నాలుగు నుంచి ఏడు నెలల మధ్య పాలపళ్లు ఊడే వేళ పిల్ల మూలిగినా, పట్టు వదిలేసినా చిగుళ్ల నొప్పి కావచ్చు, పిరికితనం అనేయకూడదు.

హైదరాబాద్ శివారు మొయినాబాద్‌లో పోలీసు జాగిలాలు తమ హ్యాండ్లర్‌తో కలిసే శిక్షణ పొందుతాయి. పిల్ల ప్రతి శబ్దమూ ఎరిగిన మనిషి పక్కనే ఉంటాడు. ఊళ్లో మాలినాయ్ జాతి కుక్కపిల్లల్ని కొంటున్న ఇళ్లలో ఆ భాగ్యం తక్కువ. గేటుకి కట్టేసి గోనెసంచితో రెచ్చగొట్టడమే కాపలా శిక్షణగా చలామణీ అవుతోంది. గుర్రుమంటే కొడతారు. మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్ముకోవద్దు. గుర్రుమనడం కూడా మానిపించిన కుక్క హెచ్చరించకుండానే కరవొచ్చు.

మీ పిల్ల కీచుమంటోందా? హెల్పర్ని నాలుగడుగులు వెనక్కి జరగమనండి. అది కాస్త కుదుటపడి రెండుమూడుసార్లు నిండుగొంతుతో మొరిగితే తొడుగు అందించి, ఆ రోజుకి అక్కడితో ఆపేయండి.