మోర్మన్ యువత - జీవిత ఘట్టాల ఒత్తిడి

యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము సభ్యులను వాడుకలో మోర్మన్లు అంటారు (ఈ పేరు వాడవద్దని 2018లో సంఘం కోరినది). ఈ సంఘానికి కేంద్రం అమెరికాలోని యూటా రాష్ట్ర రాజధాని సాల్ట్ లేక్ సిటీ. మతప్రచార సేవ, వివాహం, సంతానం అనే మెట్లను యువత ఇదే వరుసలో, ఆలస్యం లేకుండా ఎక్కాలని ఇక్కడి కుటుంబాలు ఆశిస్తాయి. వివాహానికి మతగ్రంథాలలో ఆధారం ఉన్నది. ఫలానా వయసులోగా చేసుకోవాలన్నదానికి లేదు. అయినా యువతను ఎక్కువగా బాధించేది ఆ వయసు లెక్కే.

== మతప్రచార సేవ ==

యువకులు 24 నెలలు, యువతులు 18 నెలలు సొంత ఊరు విడిచి సేవ చేస్తారు. ఇది యువకులకు కర్తవ్యం, యువతులకు ఐచ్ఛికం. 2012 అక్టోబరులో సంఘాధ్యక్షుడు థామస్ ఎస్. మాన్సన్ కనీస వయసును యువకులకు 19 నుండి 18కి, యువతులకు 21 నుండి 19కి తగ్గించాడు. 2025 నవంబరులో యువతులకు కూడా 18 చేశారు. భారతదేశంలో సంఘపు మొదటి 'స్టేక్' (కొన్ని స్థానిక సమాజాల సముదాయం) 2012లో హైదరాబాదులో ఏర్పడింది. అక్కడి యువతకూ ఇవే నియమాలు.

పూర్వం 21 ఏళ్ళు నిండేలోగా పెళ్ళి కానివారే సేవకు వెళతారనే అభిప్రాయం యువతుల విషయంలో ఉండేది. 2012 మార్పుతో అది చాలావరకు పోయింది. యువకులకు మాత్రం వెళ్ళకపోవడం, అనారోగ్యం వల్లనైనా మధ్యలో తిరిగిరావడం నేటికీ సంజాయిషీ చెప్పుకోవలసిన విషయాలే.

== వివాహం ==

దేవాలయంలో జరిగే 'ముద్ర' వివాహం మరణంతో ముగియదని మోర్మన్ల విశ్వాసం. పరలోకపు అత్యున్నత స్థాయికి అది తప్పనిసరి అని 'సిద్ధాంతము మరియు నిబంధనలు' 131వ ప్రకరణం చెబుతుంది. కనుక పెళ్ళి ఆలస్యమైతే బంధువుల ప్రశ్నలతో పాటు మోక్షచింత కూడా తోడవుతుంది. ఈ జన్మలో అవకాశం దొరకనివారికి తరువాత దొరుకుతుందని సంఘం బోధిస్తుంది. ముప్పై దాటినవారికి ఆ ఓదార్పు ఎంతవరకు సరిపోతుందన్నది వేరే సంగతి.

25 దాటిన బ్రహ్మచారి సమాజానికి ప్రమాదకారి అని బ్రిగమ్ యంగ్ అన్నాడని తరచు చెబుతారు. ఆయన అలా అన్నట్లు ఆధారాలు లేవు, కాని మాట మాత్రం నిలిచిపోయింది. ఆయన పేరిట ప్రోవోలో ఉన్న విశ్వవిద్యాలయంలో వసంతకాలానికి వేలికి ఉంగరం రావాలనే హాస్యోక్తి ప్రచారంలో ఉన్నది.

అవివాహిత యువతకు ప్రత్యేక ఆరాధన సమాజాలు ఉన్నాయి. చాలాకాలం వీటికి గరిష్ఠ వయసు 30. ఆ తరువాత పెళ్ళి కాకున్నా కుటుంబాల సమాజంలో చేరవలసి వచ్చేది. ఇటీవల ఈ పరిమితిని 35కి పెంచారు. సంఘంలోని వయోజనులలో సగానికి పైగా అవివాహితులో, విడాకులు పొందినవారో, జీవిత భాగస్వామిని కోల్పోయినవారో అని 2021 ఏప్రిల్ మహాసభలో అపొస్తలుడు ఎమ్. రస్సెల్ బల్లార్డ్ స్వయంగా ప్రకటించాడు.